మొదట అద్దం, తర్వాత పిట్ట

2024, ఏప్రిల్ మొదటి వారం. నాచారం మెయిన్ రోడ్డు వెనక సందులో నా రిపేరు షాపు. కెమెరా లెన్సులు, బైనాక్యులర్లు బాగుచేస్తాను. పొద్దున షట్టరు ఎత్తుతుండగానే పద్మజగారు వచ్చారు. ఉప్పల్‌లో ఉంటారు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు, సొంతూరు భీమవరం వైపు. మెడలో వేలాడుతున్న బైనాక్యులర్ తీసి బల్లమీద పెట్టారు.

"కింద పడిందండీ. ఒక్క పిట్ట రెండుగా కనిపిస్తోంది. ఇవాళే కావాలి."

"ఇయ్యాలనే అంటే కష్టం మేడమ్. గింత అర్జెంటు ఏమొచ్చింది?"

ఆవిడ గొంతు తగ్గించారు. "మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ జాగాలో కశ్మీర్ ఫ్లైక్యాచర్ దిగిందండీ. మగది. రేపటికి ఉండదేమో."

రిపేరు నా బతుకుదెరువు గాని, నా పిచ్చంతా పిట్టలే. చలికాలం దక్షిణాదిన గడిపిన పిట్టలు వసంతం రాగానే ఉత్తరానికి తిరుగుముఖం పడతాయి. పిచ్చుక కన్నా చిన్నదైన ఈ ఫ్లైక్యాచర్ శ్రీలంక, నీలగిరుల నుంచి కశ్మీరుకు పోతూ ఎప్పుడో ఒకసారి మన దగ్గర ఆగుతుంది. ఒకటి రెండు రోజులుండి వెళ్లిపోతుంది. దానికోసం ఏళ్లతరబడి ప్రతి వసంతంలో కాప్రా చెరువు గట్టు, ఉప్పల్ చెరువు గట్టు పట్టుకుని తిరిగాను. ఒక్కసారీ కనబడలేదు. ఈవిడ బైనాక్యులర్ కొని ఏడాది కాలేదు. కుక్కర్ విజిల్ కోసం నిలబడి, వంటింటి కిటికీలోంచి చూశారట!

"ఎర్రగొంతుది మామూలు ఫ్లైక్యాచరే అయ్యుంటది మేడమ్. చలికాలమంతా ఈడనే తిరుగుతది."

"కాదండీ. ఎరుపు చుట్టూ నల్ల అంచు ఉంది. ఒక కన్ను మూసుకుని చూశాను, అప్పుడు ఒకటే పిట్ట కనిపించింది."

నల్ల అంచే ఆ రెండిటికీ తేడా. నేను రెండు కళ్లూ కాయలు కాచేలా వెతికినదాన్ని ఈవిడ చెడిపోయిన బైనాక్యులర్‌తో, ఒంటికన్నుతో పట్టేశారు.

బైనాక్యులర్ పడితే లోపలి ప్రిజమ్ కదులుతుంది. అప్పుడు రెండు గొట్టాలూ చెరోవైపు చూస్తాయి. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కూర్చునేలా సరిచేయడాన్ని కాలిమేషన్ అంటారు. రబ్బరు తొడుగు లేపి, కిందున్న చిన్న స్క్రూలను వెంట్రుకవాసి తిప్పాలి. అందుకు దూరంగా, కదలని గురి కావాలి. నా గురి మౌలాలి గుట్ట. మేడమీదికి పోయి, గుట్టమీది దర్గా గోడ అంచు రెండు కళ్లకూ ఒక్కటయ్యేదాకా తిప్పుతాను. ఆ రోజు చేతులు పని చేస్తున్నాయి గాని మనసు ఉప్పల్‌లో ఉంది. "రేపు రండి" అంటే సరిపోయేది. అనకపోవడం మంచితనమేమీ కాదు. పిట్ట పోతే నాకూ దక్కదు కదా.

"అయింది మేడమ్. నేను గూడ వస్త."

"రండి రండి. గ్రూపులో ఒప్పుకోవాలంటే ఫొటో అయినా ఉండాలి, రెండో మనిషైనా చూడాలి అంటారుగా. నా ఫోనుకు అందట్లేదు."

ఆ నియమం మా పిట్టల గ్రూపుది. ఆవిడకు ఇది మొట్టమొదటి అరుదైన పిట్ట. దాని పక్కన తన పేరు చూసుకోవాలన్న ఆశ ముఖంలోనే తెలుస్తోంది. నా కెమెరా, బైనాక్యులర్ ఇంట్లోనే ఉండిపోయాయి. తెచ్చుకోవడానికి పోతే ఆలస్యమవుతుందని అలాగే బయల్దేరాను.

వాళ్ల అపార్ట్‌మెంటు వెనక ప్రహరీ పక్కన కానుగ చెట్టు. పద్మజగారు బైనాక్యులర్ ఎత్తి కాసేపు వెతికారు. "అదిగో, ఎడమ కొమ్మ మీద!" అన్నారు. కళ్లారా చూసుకుని, వెంటనే పట్టీ మెడలోంచి తీసి నా చేతిలో పెట్టారు. "మీరు చూడండి, త్వరగా!"

నా వృత్తి నన్ను నిండా ముంచింది అక్కడే. బాగుచేసిన బైనాక్యులర్ చేతికొస్తే ముందు పనితనం చూసుకోవడం నాకు అలవాటు. కళ్లకు పెట్టుకోగానే ఎదుటి మేడమీది నీళ్ల ట్యాంకు అంచు పట్టుకున్నాను. కుడికన్ను మూశాను, ఎడమకన్ను మూశాను. గీత కదల్లేదు. బ్రహ్మాండంగా కుదిరింది. నన్ను నేనే మెచ్చుకుని కొమ్మవైపు తిప్పేసరికి, ఆకుల్లో ఏదో ఎర్రగా కదిలి గోడ అవతలికి పోయింది.

మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాం. మళ్లీ రాలేదు. నేను సరిగా చూడలేదని ఆవిడకు చెప్పలేదు.

సాయంత్రం పద్మజగారు గ్రూపులో రాశారు, నేనూ పక్కనే ఉన్నానని చేర్చి. గ్రూపు చూసుకునే లక్ష్మణన్న నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, నువ్వు సూసినవా? నల్ల అంచు కనబడ్డదా?"

"లేదన్నా. ఎర్రగ కదిలింది, అంతే. ఆమె చెప్పింది కరెక్టే అనిపిస్తంది."

"అనిపిస్తే నడ్వదు గదా. అన్‌కన్‌ఫర్మ్‌డ్ అని పెడ్త."

"గట్లనే పెట్టు అన్నా."

నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. కాని ఫోన్ పెట్టేశాక ప్రాణం ఎంత హాయిగా ఉందని! నాకు దక్కనిది ఆవిడకూ దక్కలేదు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

పొద్దున నేనే ఆవిడకు ఫోన్ చేశాను. ఓదార్చడానికి అనుకున్నాను గాని, ఆవిడ ఎంత బాధపడుతున్నారో వినాలని కూడా ఉంది.

"అయ్యో, మీరు చూడలేదా?" అన్నారు. గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ బాధంతా నా కోసమే.

"గ్రూపుల రాలేదు గదా మేడమ్ మీ పేరు..."

"వస్తే బాగుండేదండీ. పోనీలెండి, నేను చూశాను కదా! మీరు బాగుచేశాక ఎంత స్పష్టంగా ఉందో. ఆ నల్ల అంచు కాటుక పెట్టినట్టుంది. ఉండుండి తోక ఎత్తుతోంది. రాత్రంతా అదే గుర్తొచ్చింది."

ఈ వృత్తిలో ఎన్నో అద్దాలు సరిచేశాను గాని, ఆ రోజు నేర్చుకున్నది ఇంకెప్పుడూ నేర్చుకోలేదు. ఎదుటివాళ్లకు పేరు దక్కలేదని సంబరపడగలం, వాళ్లు చూసినదాన్ని మాత్రం లాక్కోలేం. అది తెలిశాక నా కుళ్లు తగ్గిందనుకునేరు, రెట్టింపయింది. అయినా ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని అడిగాను.

"తోక ఎట్ల లేపింది మేడమ్? జర మళ్ల చెప్పుండ్రి."