మసీదు మిద్దె మీది వాన

మా వీధి మసీదు మిద్దె మీద పడిన వాన మా బావిలోకి వచ్చేది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు అదేదో కొత్తగా కనిపెట్టిన పద్ధతి అనుకుంటారు. గుళ్ల మీద, మసీదుల మీద పడే వానను భూమిలోకి ఇంకించాలని పేపర్లో బొమ్మ వేసి మరీ రాస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. మా దగ్గర ఎప్పుడో ఉండేది. చేతులారా పగలగొట్టుకున్నాం. ‘పగలగొట్టుకున్నాం’ అని కూడా అనకూడదు. పగలగొట్టినవాళ్లు వేరు, ఆ తర్వాత బిందెలు మోసినవాళ్లు వేరు.

మాది ఆదోనిలో దూదేకులవాళ్ల వీధి. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ముసల్మానులమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. వీధి మలుపులో పాత మసీదు, రాతి గోడలు, పైన మట్టి మిద్దె. దాని వెనకే, ప్రహరీ గోడకు బయట, వీధి బావి. ఆ బావిలో చేదుకోవడానికి నువ్వెవరు అని ఎవరినీ అడిగేవాళ్లు కాదు. పక్క వీధి బోయవాళ్లూ మాతోపాటే చేద వేసేవాళ్లు. ఆదోని నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఆ బావి విలువ నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మున్సిపాలిటీ కొళాయి ఎప్పుడొస్తుందో ఆ కొళాయికి కూడా తెలియదు.

ఎండాకాలం చివర మగవాళ్లు మసీదు మిద్దె ఎక్కి, మొలిచిన పిచ్చిమొక్కలు పీకి, చౌడు మట్టి పరిచి దిమ్మిస కొట్టేవాళ్లు. మిద్దె నీళ్లు రాతి దోనెల్లోంచి కింద కాలువలో పడి, ప్రహరీ గోడలో ఉన్న రంధ్రంలోంచి బావిలోకి వెళ్లేవి. ఆ రంధ్రం మా జేజి చేతిలో ఉండేది. జేజి అంటే మా నాయన తల్లి. పాత పరుపుల్లోంచి తీసిన చివికిన దూదిని గుడ్డలో చుట్టి, తాడుతో బిగించి, ఆ ఉండను రంధ్రంలో కుక్కేది. తొలి వాన మిద్దెను కడుగుతుంది కదా, ఆ బురద వీధిలోకి పోవాలి. ఇక నీళ్లు తేటపడ్డాయి అనిపించిన రోజున కొంగు నెత్తిన వేసుకుని, తడుస్తూ పోయి ఉండను లాగేసేది. బావిలో నీళ్లు దూకే చప్పుడు మా వంటింట్లోకి వినపడేది.

ఎవరు పెట్టారో తెలియదు ఆ పద్ధతి. మా జేజికి వాళ్ల అత్త అప్పజెప్పిందట. ఒక ఏడాది జేజికి జ్వరమొచ్చి ఆలస్యమైతే నమాజు చేయించే పెద్దాయన స్వయంగా మా గుమ్మంలోకి వచ్చి, “పెద్దమ్మా, వాన తెరిపిచ్చేలోగా ఉండ తియ్యల్ల గదా” అని గుర్తు చేశాడు. ఆడవాళ్లు మసీదు గడప తొక్కని వీధిలో ఒక ఆడమనిషి చేతిలో ఉన్న మసీదు పని అదొక్కటే. నమాజుకు ముందు మగవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ తొట్టి నింపేది కూడా ఆ బావి నీళ్లతోనే. ఆ కడిగిన నీళ్లు ఇంకో కాలువలో పోయి వాకిట్లోని వేపచెట్లకు అందేవి. ఆ నీడలో కూర్చుని మా నాయన పరుపులు కుట్టేవాడు.

డెబ్బైలు దాటి ఎనభైల్లోకి వచ్చేసరికి మసీదు పెద్దలకు కొత్త భవనం పిచ్చి పట్టింది. అప్పటి ముతవల్లి, అంటే మసీదు వ్యవహారాలు చూసే పెద్ద, పత్తి వ్యాపారి. చెడ్డవాడని అనను, వీధిలో ఎవరింట్లో పెళ్లైనా చావైనా ముందుండే మనిషి. కానీ ఇంకో ఊళ్లో ఏదో మసీదు చూసి వచ్చాడు, అప్పటినుంచి మనిషికి నిద్ర లేదు. మిద్దె కూలగొట్టి స్లాబు పోసి, వెనక మూల మినారు లేపారు. వజూ తొట్టి తీసేసి కొళాయిలు పెట్టారు. బోరు వేసి మోటారు బిగించారు. వాకిలంతా మొజాయిక్ పరిచారు. ఆకులు రాలి మొజాయిక్ పాడవుతుందని వేపచెట్లు కొట్టించారు. నీడ కోసం రేకులు వేయించారు. ఇదంతా దేవుడి పని అని చెప్పుకున్నారు.

గోడలో రంధ్రానికి సిమెంటు పూస్తుంటే జేజి పరుగున పోయింది. నేనూ వెంట పోయాను.

“అప్పా, స్లాబు మీది వాననీళ్ల పైపు మురిక్కాలవలోకి తిప్పుతాండారు ఏంటికి? బావి ఈ పక్క ఉండాది గదా” అంది ముతవల్లితో.

“పెద్దమ్మా, బోరు ఏసినాము, మోటారు పెట్టినాము. ఇంక బావితో ఏం పని?”

“మసీదుకు పని ల్యాకుంటే మాకూ ల్యాదా?”

“అట్ల గాదు. బావి దిక్కు తిప్పితే పైపు మినారు ముందర అడ్డం వస్తాది. సూసేదానికి బాగుండదు.”

“నీళ్లు ల్యాక సచ్చేది బాగుంటాదా?”

ఆయన నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. “ఇవి మగోళ్లు సూసుకుంటారు, నువ్వు ఇంటికి పో పెద్దమ్మా” అన్నాడు. చూసేందుకు బాగుండదట! ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట గుర్తొస్తే నా పళ్లు పటపటమంటాయి. మసీదు తెరిచిన రోజు వీధి వీధంతా భోజనాలు పెట్టారు. జేజి పోలేదు. ఇంట్లో కూర్చుని ఒక పరుపు విప్పి మళ్లీ కుట్టింది.

నాకు పెళ్లై ఎమ్మిగనూరు పోయాను. మా ఇల్లు మగ్గాలవాళ్ల వీధి పక్కన. అక్కడి గుడి ముందు వేపచెట్ల నీడలో నేతవాళ్లు పడుగు నూలు చాపి గంజి పెట్టేవాళ్లు. ఎండ నేరుగా తగిలితే నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. నేను కాపురానికొచ్చిన కొన్నాళ్లకే గుడి కమిటీవాళ్లు మండపం కట్టాలని ఆ చెట్లు కొట్టి బండలు పరిచారు. తెగిన పోగులు అతుక్కుంటూ నేతవాళ్లు తిట్టుకుంటుంటే నాకు మా ఊరి ముతవల్లి కళ్లముందు కనిపించాడు. దేవుడు వేరైనా కమిటీ మాత్రం ఒకటే అనుకున్నాను.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. వచ్చిన కాస్త వానా స్లాబు మీద నుంచి మురిక్కాలవలోకి పోయింది. మొదట బావి ఎండింది. బోరు మిగిలింది కాబట్టి మా వీధి ఆడవాళ్లు బిందెలతో మసీదు కొళాయిల దగ్గరికి పోయారు. నమాజుకు వచ్చేవాళ్లకు ఇబ్బంది అని గేటుకు తాళం వేశారు. బిందెలు తిరిగొచ్చాయి. శుక్రవారం ప్రసంగంలో మాత్రం, పారే ఏటి ఒడ్డున కూర్చున్నా నీళ్లు వృథా చేయకూడదని మైకులో చెప్పేవాళ్లు. ఆ మైకు కిందే వజూ కొళాయిలు ధారగా కారుతూ ఉండేవి. పుట్టింటికి వచ్చినప్పుడు ఈ రెండూ ఒకేసారి విని, మా అమ్మ దగ్గర కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ నన్ను ఆపలేదు.

ఎండాకాలం మధ్యలో జేజి పోయింది. కబురందగానే బస్సెక్కి వచ్చాను. ఇంటి నిండా ఆడవాళ్లు ఉన్నారు గానీ ఎవరూ కదలడం లేదు. ఎందుకో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. చనిపోయినవాళ్లను పాతిపెట్టే ముందు స్నానం చేయించాలి. ఇంట్లో నీళ్లు లేవు. బావి ఎప్పుడో పోయింది, అప్పటికి బోరు కూడా పోయింది.

ముతవల్లి గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

“ట్యాంకరు రేపు గానీ రాదంట సెల్లెమ్మా” అన్నాడు మా అమ్మతో. “ఈ ఎండలో అంతసేపు పెట్టుకోగూడదు. నీళ్లు దొరక్కుంటే శుద్ధమైన మన్నుతో తయమ్ముం సేయొచ్చు, మన మతం ఒప్పుకుంటాది. మసీదు వాకిట్లోనుంచి పిడికెడు మన్ను తెప్పిచ్చండి.”

మా అమ్మ అంతవరకూ ఏడుస్తోంది. ఆ మాటతో ఏడుపు ఆపి లేచి నిలబడింది.

“యాడుందన్నా మన్ను?” అంది. “మసీదు వాకిట్లో ఆ పిడికెడన్నా మిగిల్చినారా? అంతా మొజాయిక్కే గదా!”

అప్పుడు పక్క వీధి బోయామె, జేజితోపాటు ఏళ్ల తరబడి చేద వేసినామె, గబగబా పోయి తన ఇంట్లో తాగేందుకు దాచుకున్న నీళ్ల బిందె తెచ్చి మా గుమ్మంలో దించింది. ఆమె వెనకే ఇంకొకామె చెంబుతో వచ్చింది, ఇంకొకామె కూజాతో వచ్చింది. పిల్లలకు కూడా మిగుల్చుకోకుండా తెచ్చారు. వీధి మొత్తానికి నీళ్లు పంచిన మనిషికి చివరి స్నానం అట్లా చెంబు చెంబు కూడి జరిగింది. నేను జేజి కాళ్ల మీద నీళ్లు పోశాను, ఏడుపు రాలేదు. వచ్చిందంతా కోపమే.

ఆ వారంలోనే మా అమ్మ గడ్డపార తీసుకుని మసీదు వెనక్కి పోయింది. పెద్దమనుషులు అరిచారు, మా నాయనను పిలిచి నీ పెళ్లాన్ని అదుపులో పెట్టుకో అన్నారు. నాయన వచ్చి, అమ్మ చేతిలో గడ్డపార తీసుకుని, రంధ్రానికి పూసిన సిమెంటు తానే పొడిచాడు. బోయవాళ్ల పిల్లలు రేకు దోనె ఒకటి తెచ్చి పైపును బావి వైపు తిప్పారు. మినారు ముందు అడ్డంగానే వచ్చింది. చూసేందుకు బాగానే లేదు.

వానలు మొదలయ్యాక నేను ఆదోనిలోనే ఉన్నాను. జేజి పరుపులోంచే దూది తీసి అమ్మ ఉండ చుట్టింది. తొలి వానను వీధిలోకి పోనిచ్చింది. తర్వాతి వాన రోజు, నీళ్లు తేటపడ్డాక, కొంగు నెత్తిన వేసుకుని పోయి ఉండ లాగింది. బావి అడుగున నీళ్లు పడిన చప్పుడుకి ఇళ్లలోంచి ఆడవాళ్లంతా బయటికొచ్చారు. గొడుగేసుకుని ముతవల్లి కూడా వచ్చాడు. బావిలోకి తొంగి చూసి, సంతోషంగా తలూపాడు.

“మంచి పని సేసినావు సెల్లెమ్మా” అన్నాడు.

అమ్మ ఆయన వైపు తిరగలేదు. చేతిలో తడిసిన దూది ఉండ పిండుకుంటూ, “ఆ మాట మా అత్తకు సెప్పాల్సింది అన్నా” అంది. “కబరస్థాన్‌లో ఉండాది, పోయి సెప్పిరాపో.”