మందు కాదు, మాత్ర

మా తమ్ముడు నల్లప్ప సంగటి ముద్ద తుంచి, ఊరిబిండి పచ్చడిలో అద్ది, నోటి దాకా తెచ్చి అక్కడే ఆపేసేవాడు. ఏమిటా అని చూస్తే కళ్ళు మూతలు పడి ఉండేవి. "రేయ్, తిని పండుకో, పండుకోని తినొద్దు" అని నేను గద్దిస్తే ఉలిక్కిపడి, ఏమీ జరగనట్టు నమిలేవాడు. ఇక ఆ గురక. పుంగనూరులో మా ఇంటికొచ్చి వసారాలో పడుకున్నాడంటే, తెల్లారి పక్కింటి అంకమ్మ గోడ మీదుగా అడిగేది: "ఏమక్కా, రాత్రి మీ ఇంట్లో పిండి మిషను ఆడించినారా?"

నవ్వుకునేవాళ్ళం. గురక పెట్టేవాడు సుఖంగా నిద్రపోతున్నాడనే కదా ఎవరైనా అనుకునేది.

మాది తంబళ్లపల్లె పక్క. బోరు ఎండి, శనక్కాయ పంట పోయి, వాడు మీసం గట్టిపడకముందే మదనపల్లె టమోటా మార్కెట్లో లారీలు కడగడానికి చేరాడు. క్లీనరయ్యాడు, లారీ డ్రైవరయ్యాడు, ఆఖరికి ఆ ఊరి బస్సు డిపోలో ఉద్యోగం సంపాదించాడు. పదో తరగతి రెండుసార్లు తప్పిన మొద్దు, డ్రైవింగు పరీక్ష మాత్రం మొదటి దెబ్బకే పాసయ్యాడు. మా వంశంలో పరీక్ష అనేది పాసైన మొదటి మనిషి వాడే. నేను రెండో తరగతితో ఆపేసినదాన్ని, కాబట్టి ఆ సంగతి నాలుగు వీధులకు వినపడేటట్టు చెప్పుకున్నాను. ఇప్పుడూ చెబుతాను.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సు వాడిది. ఏ మలుపులో ఏ ముసలామె చెయ్యెత్తుతుందో వాడికి తెలుసు. మందు ముట్టడు. మా నాయనను సారా తినేసింది. ఆయన్ను పూడ్చి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ "నేను మందు ముట్టనక్కా" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు.

ఊరూరా కీళ్ళ జ్వరాలు వచ్చి జనం గోడలు పట్టుకొని నడిచిన ఏడాది, పట్టపగలు, పలమనేరు నుంచి వస్తూ పుంగనూరు ఇంకాస్త దూరంలో ఉందనగా వాడి బస్సు రోడ్డు దిగిపోయింది. పక్కన పోసిన కంకర కుప్ప ఎక్కి ఆగింది కాబట్టి సరిపోయింది. ఒక పెద్దాయనకు పన్ను ఊడింది, ఒకామె గంపలో టమోటాలు చితికిపోయాయి. అంతే. కానీ బస్సులో జనం అడిగిన మొదటి మాట: "మందేసినావా?" పోలీసులు వచ్చి అదే అడిగారు. డిపోలో అదే. నోట్లో గొట్టం పెట్టి ఊదించారు, ఏమీ రాలేదు. వాడు ఒకటే చెప్పాడు: "నేను మేలుకొనే ఉండాను. గొర్రెల మంద అడ్డమొచ్చింది, తప్పించినాను." గొర్రెల్ని బస్సులో ఇంకెవరూ చూడలేదు. నేను మాత్రం నమ్మాను. నమ్మనివాళ్ళతో పోట్లాడాను కూడా. అయినా టీ అంగడి దగ్గర కుర్రవాళ్ళు "నల్లప్పన్నా, ఏ బ్రాండు?" అని అడుగుతుంటే వాడు టీ తాగడం మానేశాడు.

డిపో డాక్టరుకు మాత్రం వాడి మెడ లావు, పగటి కునుకు చూసి అనుమానం వచ్చింది. "కుప్పంలో నిద్ర పరీక్ష చేయించుకొని కాగితం తీసుకురా. అది చూసి స్టీరింగు ఇచ్చేదీ లేనిదీ చెప్తాం" అన్నాడు.

వాడి పెండ్లాం ఆదిలక్ష్మి కీళ్ళ జ్వరంతో మంచం దిగలేకపోతుంటే, తోడుగా నేను బయలుదేరాను. బస్సులో వాడి గోల అంతా పరీక్ష గురించే.

"రాత్రంతా వైర్లు పెట్టి సూస్తారంటక్కా. కొత్త తావు. నిద్ర రాకపోతే?"

"నీకా? నిలబెట్టినా నిద్రపోతావు."

"గురకొస్తే?"

"రాక యాడికి పోతాది?"

"వస్తే ఫెయిలు గదా."

ఆ మాట నేను చెవిన పెట్టలేదు. వాడు మాత్రం లోపల లెక్క వేసుకున్నాడు. పసిబిడ్డలాగా సద్దు లేకుండా నిద్రపోతే పాసు. గురక పెట్టి, ఎగిరిపడి లేస్తే ఫెయిలు. ఆదిలక్ష్మికి నొప్పులతో నిద్ర పట్టడం లేదని మదనపల్లెలో నిద్రమాత్రలు ఇచ్చారు. అది మింగితే ఆమె కదలకుండా పడుకోవడం వాడు చూశాడు. ఆమె డబ్బాలోంచి రెండు తీసి జేబులో వేసుకున్నాడు. నాకు చెప్పలేదు.

ఆసుపత్రిలో శ్వేత అనే పిల్ల వాడి తలకు, ఎదకు, కాలికి వైర్లు అతికించింది. వాడు తలకు అంత ఆముదం పట్టించుకొని వచ్చాడు. "ఏమప్పా, ఒక్కటీ అతుక్కోదే" అని ఆ పిల్ల తుడిచి తుడిచి విసుక్కుంది. "పెండ్లిచూపులకు వచ్చినట్టు వచ్చినాడులే అమ్మా" అన్నాను నేను.

చివర్న ఆ పిల్ల అడిగింది: "ఈ పొద్దు మందేమన్నా తీసుకున్నారా?"

వాడి మొహం మాడిపోయింది. "నువ్వు గూడానా అమ్మా? నా జన్మలో మందు ముట్టలేదు. కావాలంటే వాసన సూడు."

"అట్ల కాదప్పా, ఏమీ తీసుకోలేదు గదా?"

"మా అమ్మ మీద ప్రమాణం."

మా అమ్మ నాక్కూడా అమ్మే. "మా ఇంట్లో ఆ అలవాటు లేదమ్మా" అని నేనూ గట్టిగా చెప్పాను. ఆ పిల్ల నవ్వి, లేదని రాసుకుంది. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టింది.

లోపలి నుంచి గురక వినపడుతూనే ఉంది. తర్వాత వినపడలేదు. పాసవుతాడేమో అనుకొని నేనూ కునుకు తీశాను. అడుగుల చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆ పిల్ల పరుగెత్తుతోంది, వెనకే జగదీష్ అనే డాక్టరు. తలుపు సందులోంచి చూస్తే వాణ్ణి భుజాలు పట్టి కుదుపుతున్నారు. వాడు లేవడం లేదు. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు.

డాక్టరు బయటికొచ్చి అడిగాడు: "నిద్రమాత్ర ఏమన్నా మింగినాడా అమ్మా?"

లేదని చెప్పబోయి ఆగాను. లోపలికి పోయి, వాడు మేకుకు తగిలించిన చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. రెండు గుంతలూ ఖాళీ అయిన మాత్రల రేకు ముక్క వచ్చింది.

ఎండ వచ్చాక వాడు కళ్ళు తెరిచాడు. తెరిచి అన్న మాట: "పాసయినానా సార్?"

డాక్టరు మంచం మీదే కూర్చున్నాడు. "ఇది పాసూ ఫెయిలూ పరీక్ష కాదప్పా. నీ గురక సూడాలనే పిలిచినాం. నిద్రలో నీ గొంతు మూసుకొని ఊపిరి ఆగిపోతా ఉండాది. ఆగినప్పుడల్లా ఉలిక్కిపడి లేస్తా ఉండావే, ఆ లేవడమే నిన్ను బతికిస్తా ఉండాది. మాత్ర ఏసి దాన్ని గూడా పండబెట్టినావు."

శ్వేత కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మందు తీసుకున్నారా అని అడిగినాను గదప్పా."

"నువ్వు అడిగింది మందు" అన్నాడు వాడు. "నేను ఏసుకున్నది మాత్ర గదమ్మా."



ఏది రోగం వల్లో, ఏది మాత్ర వల్లో తేల్చలేమనీ, ఈ పరీక్ష చెల్లదనీ, మళ్ళీ రావాలనీ డాక్టరు చెప్పాడు. గడువు కోసం డిపోకు రాసిస్తానన్నాడు.

"ఏమని రాస్తావు సార్?"

"మందు తీసుకొని పండుకున్నందువల్ల..."

వాడు డాక్టరు చెయ్యి పట్టేసుకున్నాడు. "ఆ మాట రాయొద్దు సార్. నీ కాళ్ళు మొక్కుతా. డిపోలో ఆ ఒక్క మాటే సదువుతారు. మాత్ర అని రాయి. తెలుగులో రాయి, అందరికీ తెలిసేటట్టు."

డాక్టరు కొట్టేసి నిద్రమాత్ర అని రాశాడు. "అయితే ఒకటి. రెండో పరీక్ష అయ్యేదాకా స్టీరింగు పట్టుకోవద్దు."

తిరుగు బస్సులో వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. వీకోట దాటగానే నోరు తెరుచుకొని నిద్రపోయాడు. గురక, గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం. ఇన్నేండ్లు ఆ నిశ్శబ్దం వస్తే హమ్మయ్య అనుకున్నదాన్ని, ఇప్పుడు పక్కలో వేలు పెట్టి పొడుస్తూ కూర్చున్నాను. పొడిస్తే బుసకొట్టి మళ్ళీ ఊపిరి తీసేవాడు. ముందు సీటులో ఆమె తిరిగి చూసింది.

"ఏమమ్మా, మందేసుకోనుండాడా?"

"నువ్వెక్కిన ఈ బస్సును ఇరవై ఏండ్లు నడిపినోడు. ముందుకు తిరిగి కూసో" అన్నాను. తిరిగి కూర్చుంది.

పుంగనూరు దగ్గర పడుతుండగా బస్సు గుంతలో పడి వాడికి మెలకువ వచ్చింది. కిటికీ బయట అదే కంకర కుప్ప, ఒక పక్క కుంగిపోయి ఉంది.

"నిద్రపోయినావు" అన్నాను.

"లేదక్కా. మేలుకొనే ఉండాను. పలమనేరు గూడా సూసినాను."

"సూళ్ళేదు. పలమనేరులో సగం బస్సు దిగింది, సగం ఎక్కింది. నువ్వు కన్ను తెరవలేదు."

వాడు నా మొహంలోకి చూశాడు. నేను ఎప్పుడూ వాడితో అబద్ధం చెప్పలేదు, అది వాడికి తెలుసు. తర్వాత కంకర కుప్ప వెనక్కి పోయేదాకా మెడ తిప్పి దాన్నే చూశాడు.

"అయితే ఆ పొద్దు గొర్రెలు..." అని ఆపేశాడు. నా వైపు తిరిగాడు: "బస్సు నిండా జనం ఉండారు గదక్కా."

వాడు జేబులోంచి డాక్టరు కాగితం తీశాడు.

"డిపోలో చెప్పేస్తా. నిద్రపోయినానని చెప్పేస్తా. ఈ కాగితం ఇచ్చేసి, స్టీరింగు నాకొద్దని రాసిస్తా."

"ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని పో."

"తింటే నిద్రొస్తాది. ఇట్లనే పోతా."

పుంగనూరు స్టాండులో బస్సు ఆగింది. కండక్టరు నా వైపు చూసి "అమ్మా, నీ స్టేజీ, దిగాల" అన్నాడు. నల్లప్ప కాగితం జేబులో పెట్టుకొని, కిటికీకి తల ఆనించాడు. రెప్పలు అప్పుడే వాలిపోతున్నాయి.

"మదనపల్లెకు ఇంకో టికెట్టు కొట్టప్పా" అన్నాను, వాడి పక్కలో వేలు పెడుతూ.