రత్తమ్మత్త ఓటు

తెల్లవారి తలుపు తీసేసరికి ఉడికించిన మైదాపిండి వాసన గుప్పుమంది. తాడేపల్లిగూడెంలో మా ప్రహరీగోడకు ఎవరో ఎన్నికల పోస్టరు అంటించి పోయారు. జిగురు ఇంకా ఆరలేదు. పోస్టరులోని పెద్దమనిషి రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం పెడుతున్నాడు. మా ఇంట్లోవాళ్ళెవరూ నాకింత వినయంగా నమస్కారం పెట్టి ఎరగరు. అలా జోడించిన చేతులు చూసినప్పుడల్లా నాకు రత్తమ్మత్త గుర్తుకొస్తుంది. ఓటును ఎలా వాడుకోవాలో నాకు చూపించింది ఆవిడే. నేను బందరులో రాజనీతి చదివి బీఏ ప్యాసయ్యాను గానీ, ఆ సంగతికీ దీనికీ సంబంధం లేదు.

అప్పట్లో, అంటే పంతొమ్మిదివందల ముప్ఫైలలో, మాది మండవల్లికి అవతల కొల్లేటి అంచున ఒక చిన్న ఊరు. రత్తమ్మత్త నాకు వరసకు అత్త. చుట్టరికం ఎలాగని అడిగితే ఇద్దరమూ మాట మార్చేవాళ్ళం. భర్త పోయాక కాస్త పొలం ఆవిడ పేర పట్టా అయింది. పన్ను కట్టేవాళ్ళకే ఓటు గనుక మా వైపు ఆడవాళ్ళలో ఓటున్నది ఆవిడొక్కర్తికే. ఇల్లు మురుగుకాలవ అవతల. కాలవ మీద రెండు తాటి దూలాలు, పట్టుకోవడానికి అడ్డంగా ఒక వెదురు. దాన్ని మేము వంతెన అనేవాళ్ళం. పొరుగూరివాళ్ళు అనేవారు కాదు. ఆవిడ మనవరాలు మాణిక్యం రోజూ దాని మీదుగానే మిషను బడికి వచ్చేది. వానాకాలంలో కాలవ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి జారిపడితే చేపలు పట్టేవాళ్ళు బయటికి లాగారు. "వచ్చే వానల్లోపు సరైన వంతెన పడకపోతే పిల్ల బడి మానేస్తుందమ్మా, అంతే" అని కొడుకు తేల్చేశాడు. రత్తమ్మత్తకు చదువు రాదు. మనవరాలు వాచకం పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినడం ఆవిడకున్న ఒకే ఒక్క విలాసం.

అంతలో పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. ఒకవైపు వీర్రాజు గారు: పెద్ద రైతు, భారీ మనిషి, మాట తక్కువ. రెండోవైపు సుబ్బారాయుడు గారు: ఏలూరులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉండి వచ్చినవారు, మాటకు లోటు లేదు. నేను ఉద్యోగం లేని బీఏను గనుక వీర్రాజు గారు నన్ను ఉపన్యాసాలు రాయడానికి పెట్టుకున్నారు. నేను రాసేవాణ్ణి, ఆయన మరిచిపోయేవారు. ఎవరి పని వాళ్ళం సక్రమంగా చేసేవాళ్ళం.

"నా ఓటు కావలసినవాళ్ళు మా ఇంటికొచ్చి అడగాలండీ" అని రత్తమ్మత్త ఇద్దరికీ కబురంపింది. ముందు వీర్రాజు గారూ నేనూ వెళ్ళాం. "వెదురు వదలకండి బాబాయ్‌గారూ" అని నేను వెనకనుంచి అంటూనే ఉన్నాను. సగం దూరం బాగానే నడిచారు. అప్పుడు అవతలి గట్టున రత్తమ్మత్త కనపడింది. ఓటరు కనపడగానే చేతులు జోడించడం ప్రచారంలో ఆయనకు బాగా అలవాటైపోయింది. వెదురు వదిలేసి రెండు చేతులూ జోడించారు. నమస్కారం చాలా బాగుంది. మిగతాది కాలవలో జరిగింది.

"అయ్యో, కంగారుపడకండి, నడుం లోతేనండీ, నించోండి!" అని అరిచింది రత్తమ్మత్త. తువ్వాలిచ్చి, పొయ్యి దగ్గర పీట వేసి, "ఇక వంతెన సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు కదండీ" అంది. "అక్కర్లేదమ్మా" అన్నారాయన, చెవిలో నీళ్ళు దులుపుకుంటూ. ప్రచారం మొత్తంలో ఆయన చేసిన మంచి ఉపన్యాసం అదొక్కటే. నేను రాసింది కాదు.

మర్నాడు సుబ్బారాయుడు గారు తాటిదోనె మాట్లాడుకుని, మధ్యలో పెళ్ళికొడుకులా కదలకుండా కూర్చుని, మడత నలగకుండా వచ్చారు. ఇటుకల వంతెన కట్టిస్తానన్నారు. అటొకటీ ఇటొకటీ లాంతరు స్తంభాలు కూడా వేయిస్తానన్నారు. ఆయన వెళ్ళగానే నేను ఆదుర్దాగా అత్త దగ్గరికి పరిగెత్తాను.

"ఎవరికేస్తావత్తా?"

"ఎవరికేంటి అబ్బాయ్, మీ వీర్రాజు గారికే."

"ఆయన పడ్డాడని ఊరంతా నవ్వుతోంది కదా!"

"పడ్డవాడికే కదయ్యా వంతెన విలువ తెలిసేది. ఈయన దోనెలో వచ్చాడు, దోనెలో పోయాడు. వంతెన లేకుండా రావడం తెలిసినవాడికి వంతెనెందుకు?"

ఊరు ఇంత లోతుగా ఆలోచించలేదు. వీర్రాజు గారు ఓడిపోయారు. "పిల్ల బడి అయిపోయినట్టేనమ్మా. నువ్వేసినాయనే ఓడిపోయాడు" అన్నాడు కొడుకు.

"ఓడింది వీర్రాజు గారు. నేనెప్పుడు ఓడానురా?" అని, రత్తమ్మత్త చెంగు దోపుకుని నన్ను తోడు రమ్మంది.

సుబ్బారాయుడు గారి అరుగు కిటకిటలాడుతోంది. మా ఓటు మీకేనండీ అని వచ్చినవాడల్లా చెబుతున్నాడు. అవన్నీ నిజమే అయితే వీర్రాజు గారి పెట్టెలో వీర్రాజు గారి ఓటు కూడా ఉండకూడదు.

"ఏవండీ ప్రెసిడెంటు గారూ, నేను మీకు ఓటు వెయ్యలేదండీ" అంది రత్తమ్మత్త.

అరుగు మీది తలలన్నీ ఇటు తిరిగాయి. నేను ఇంటి పెంకులు పరిశీలించడం మొదలుపెట్టాను.

"మరెందుకొచ్చావమ్మా?"

"వంతెన కోసమండీ. వానలొస్తే మా మాణిక్యం బడి ఆగిపోతుంది."

"వీర్రాజునే అడక్కపోయావా?"

"ఆయన ప్రెసిడెంటు కాదు కదండీ. మీకు ఓటేసినవాళ్ళకేనా మీరు ప్రెసిడెంటు, మాక్కూడానా? అది కనుక్కుని పోదామని వచ్చాను."

ఎందుకు వెయ్యలేదని ఆయన అడిగారు. దోనె సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన మొహం ఎర్రబడింది. ఉత్తరీయం సర్దుకుని, "పదమ్మా" అని లేచారు. అరుగంతా వెనక నడిచింది. కాలవ దగ్గర ఆయన వెదురును రెండు చేతులా పట్టుకుని దూలం ఎక్కారు. మధ్యలో దూలం ఊగింది. "నమస్కారం మాత్రం పెట్టకండి మహాప్రభో!" అని గట్టుమీదనుంచి ఎవరో అరిచారు. పెట్టలేదు. అవతలికి చేరి, అక్కడే చతికిలబడి, "దీని మీదుగానా పిల్ల వస్తోంది?" అన్నారు. తిరుగు ప్రయాణం దోనెలోనే చేశారు.

వానల్లోపే వంతెన పడింది. ఇటుకలది కాదు, చెక్కది. లాంతరు స్తంభాలు ఉపన్యాసంలోనే ఉండిపోయాయి. మాణిక్యం బడి ఆగలేదు. మనిషిని అంచనా వెయ్యడంలో పొరబడ్డావు కదత్తా అంటే, "నేను పొరబడ్డానని చూపించడానికే కట్టాడేమో, మంచిదేగా" అంది.

ఇప్పుడు ప్రతి ఎన్నికా అయ్యాక, గెలిచినవారి ఇంటికి ఒకసారి వెళతాను. మా వీధి కాలవో, దీపమో, ఏదో ఒక పని ఉంటూనే ఉంటుంది. కొందరు కుర్చీ వేస్తారు, కొందరు తలుపు వేస్తారు. తలుపు వేసినవారింటికి కొన్నాళ్ళాగి మళ్ళీ వెళ్ళి, గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటాను.

"ఏవండీ, మీకు ఓటు వెయ్యనివాణ్ణి, వచ్చానండీ."