రేకుమీద సన్నికల్లు

పక్కింటామె టీవీలో ఏదో దూరదేశపు సుడిగాలిని చూపించారు. అంత వెడల్పుది ముందెప్పుడూ రాలేదట.

"మన మైలాపూరు నుంచి టి. నగర్ దాకా ఉండాదంటక్కా, దాని వెడల్పు. రైలుకన్నా వేగమంట," అందామె.

"నా ఇంటి రేకు లేవడానికి అంత గాలెందుకమ్మే, ఈడి సముద్రం గాలి చాలు," అన్నాను. ఆమె నవ్వింది.

ఆ వారమే తుఫాను వస్తుందన్నారు. గాలివానకు ముందు ఇంటి రేకు ఎగిరిపోకుండా దానిమీద సన్నికల్లు పెట్టడం మా అలవాటు. నేను కిందినుంచి అందిస్తే, మా ఆయన పైనుంచి అందుకునేవాడు. ఆయన పోయాక ఇదే మొదటి తుఫాను. రాయిని తలదాకా ఎత్తాను. పైన అందుకునే చేతులు లేవు కదా, దించేశాను. రేకుకి తాడు కట్టి, గాలి తగ్గేదాకా ఆ తాడు కొసను చేతికి చుట్టుకుని కూర్చున్నాను.