మేడం పేపర్లో నా పేరు

జర దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా పరవాలేదు, చెవి మాత్రం ఇటు పెట్టండి.

కరోనా సద్దుమణిగిన ఏడాది సంగతి. కరీంనగర్‌లో ఒక పెద్దాసుపత్రి పాథాలజీ ల్యాబ్‌లో నేను అటెండర్‌ని. ఆపరేషన్‌లో తీసిన ముక్కలు పరీక్షకు మా దగ్గరికే వస్తాయి. అన్నిటికంటే మెత్తనిది మెదడు ముక్క, జున్నులాగా ఉంటుంది. అది గట్టిపడేదాకా ఫార్మలిన్ అనే ఘాటు మందునీళ్లలో ఉంచాలి. ఆ నీళ్లు మార్చడం, సీసాలను కనిపెట్టుకుని ఉండడం నా పని. గట్టిపడ్డాక మైనంలో పెట్టి, మైక్రోటోమ్ అనే కోత మిషన్ మీద ఉల్లిపొరకంటే పల్చగా కోసేది టెక్నీషియన్ షాహీన్. ఆ పొరలను మైక్రోస్కోప్ కింద చూసి రోగం తేల్చేది సునీత మేడం. మెదడు గడ్డల మీద ఆమె రాసిన పరిశోధన పేపర్‌ను ఏవేవో దేశాల డాక్టర్లు తమ పేపర్లలో పేరు పెట్టి చెప్పుకుంటారు. దాన్ని సైటేషన్ అంటారు.

చదువు లేకపోయినా నాకది తొందరగానే అర్థమైంది. ఖానాపూర్‌లో మా ఇంట్లో కథ చెప్పేముందు అది ఎవరి నోట విన్నామో చెప్పాలి. చెప్పకపోతే కడుపు ఉబ్బుతుందనేది మా అవ్వ.

మేడం పొద్దున రాగానే, టిఫిన్ డబ్బా కింద పెట్టకముందే కంప్యూటర్‌లో సైటేషన్ల లెక్క చూసేది. ముందు చూసేది తనది కాదు. తనతో చదివి హైదరాబాద్‌లో స్థిరపడిన సరళ మేడంది. అది పెరిగిన రోజు మేం ఏ పని చేసినా తప్పే.

నాకు నవ్వు వచ్చేది కాదు. నా మంట నాకుండేది. మేడం పేపర్ చివర అక్నాలెడ్జ్‌మెంట్ అని, సాయం చేసినవాళ్లకు దండం పెట్టే ముక్క ఒకటి ఉంది. అందులో షాహీన్ పేరుంది, నాది లేదు. ఆ పిల్ల దాన్ని ఫోన్‌లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపేది. ఫార్మలిన్ మంటైతే కళ్లు కడుక్కుంటే పోతుంది. ఈ మంట పోలేదు.

ఒకరోజు మేడం కుర్చీలోంచి దిగ్గున లేచింది. సరళ మేడం కొత్త పేపర్ వచ్చిందట. అందులోని సంగతి మా మేడం ముందే రాసినదే, పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎప్పుడూ పుస్తకంలా మాట్లాడే మనిషికి పుట్టిన జమ్మికుంట మాట పొంగుకొచ్చింది.

"కండ్లు కాయలు గాసేదాక చూసి రాసిన! ఒక్క తాన నా పేరెత్తలే సూడుండ్రి!"

షాహీన్ కిసుక్కున నవ్వింది. "పరేషాన్ గాకుండ్రి మేడం. గీ మాట నేను రోజూ ఇంటున్న, మల్లక్క నోట్లకెల్లి."

"ఏం మాట మల్లవ్వా?"

ఇక దాచి లాభం లేదు. "మీ కాయితంల షాహీన్ పేరుంది. అది కోసేదాక ఆ ముక్కను పసిపిల్ల లెక్క సాకింది నేను. నా పేరేది మేడం?"

"అడగకపోతివి గదా!"

"బువ్వ పెట్టుమని అడుగుతం గని, పేరు పెట్టుమని ఎట్ల అడుగుతం?"

మేడం మెల్లగా కూర్చుంది. తాను కొత్తగా రాస్తున్న పేపర్ తెరిచింది. "ముందు నాది సక్కగ జేసుకుంట. గప్పుడు దాన్ని అడుగుత," అంది.

అన్నట్టే చేసింది. నా పేరు ఎక్కించాకే సరళ మేడంకు రాసింది. కొన్నాళ్లకు ఆమె పేపర్ అచ్చువేసిన పత్రికవాళ్లు సవరణ వేసి, అందులో మా మేడం పేరు చేర్చారు. మేడం మా ఇద్దరికీ జిలేబీ తెప్పించింది.

షాహీన్ మాత్రం జిలేబీ ముట్టలేదు. "నీ పేరు ముందల, నాది ఎనుకనా?" అని మూతి ముడుచుకుంది. మర్నాడు పొద్దున చూస్తే, మేడం మళ్లీ టిఫిన్ డబ్బా చేతిలోనే పట్టుకుని సరళ మేడం లెక్క చూస్తోంది. అప్పుడు తెలిసింది నాకు. పేరెత్తితే కడుపుమంట తగ్గుతుంది గానీ చావదు, పక్క కుర్చీకి మారుతుంది. అయినా ఎత్తాల్సిందే.

అందుకే ఈ కథ ఇంకెక్కడైనా చెబితే మల్లవ్వ చెప్పిందనండి. అలా అన్నవాళ్ల ఇంట గాదె నిండాలి, పిల్లాజెల్లా చల్లగా ఉండాలి. మరిచిపోయినవాళ్ల కడుపు కూడా ఉబ్బకుండా ఉండాలి.