గోడ ఆరింది

ఎవరింటికి వెళ్లినా పెద్దమ్మ ముందు కిటికీ రెక్కలు బార్లా తెరుస్తుంది, ఆ తర్వాతే కూర్చుంటుంది. పొట్టి మనిషి, బొంగురు గొంతు. మాటల మధ్యలో అరచేయి గోడకు ఆనించి, జ్వరం చూసినట్టు చెమ్మ చూస్తుంది. చుట్టాలంతా ‘గోడల డాక్టరు’ అని ఆటపట్టిస్తే నవ్వేసి ఊరుకుంటుంది. నిరుడు వానల్లో చెల్లెలి కూతురింటికి వెళ్లింది. చంటిదానికి ఎన్ని మందులు వాడినా దగ్గు తగ్గడం లేదు. పడకగదిలో ముక్కిన వాసన. బీరువా పక్కకు జరిపిస్తే వెనక గోడంతా నల్లటి బూజు.

“ఏటా రంగు వేయిస్తూనే ఉన్నాం పెద్దమ్మా,” అంది చెల్లెలి కూతురు ఏడుపు గొంతుతో.

“పుండు మీద పౌడరు అద్దితే మానుతుందటే? నీళ్లెక్కణ్ణుంచి దిగుతున్నాయో చూడాలి గానీ!”

వెంటనే పైవాటా తలుపు తట్టింది. నీళ్ల గొట్టం కారుతోందేమో చూడమంటే, “మా గొట్టం బాగానే ఉంది,” అన్నాడు పైవాటాయన. వాదించకుండా ఆయన్ని కిందికి పిలుచుకొచ్చి, తడిగోడనూ దగ్గుతున్న పిల్లనూ చూపించింది. ఆయన మర్నాడే గొట్టం బాగుచేయించాడు. పెద్దమ్మ బూజు పట్టిన గార గీకించింది, గదిలో తడిబట్టలు ఆరేయడం మాన్పించింది, బీరువాకూ గోడకూ మధ్య జానెడు జాగా వదిలించింది.

ఈ ఏడు వానలు కుండపోతగా కురుస్తుంటే పెద్దమ్మ మళ్లీ వచ్చింది. పిల్ల తండ్రి గోడకు చెంప ఆనించి, “పొడిగా ఉంది!” అని కేక పెట్టాడు. దగ్గు మరిచిన పిల్ల ఇల్లంతా పరుగులు. అంతలో పైవాటాయన గుమ్మంలోకి వచ్చి, “పెద్దమ్మగారూ, మా వంటింటి గోడ కూడా ఓసారి చూడరూ?” అన్నాడు.

పెద్దమ్మ కోట గెలిచినదానిలా మెట్లెక్కింది.