కాలువను కొట్టేయనివ్వని లాకు వదిన

ఆమెను ఆ వీధిలో అందరూ లాకు వదిన అనేవారు. వరసకు ఏమీ కానివాళ్ళకి కూడా ఆమె వదినే. కాలువ మీద పడవలు నడిచే రోజుల్లో ఆమె భర్త లాకు కాపలాదారు. అక్కడ ఎగువ నీటికీ దిగువ నీటికీ నిలువెత్తు తేడా. రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, నీళ్ళు నింపి పైకెక్కించడం, నీళ్ళు వదిలి కిందికి దించడం అతని పని. అతను జ్వరంతో పోయాక ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. తొమ్మిదేళ్ళు చేసింది. లారీలొచ్చి పడవలు ఆగిపోయాక ఉద్యోగం తీసేశారు. లాకు పక్కనున్న రెండు గదుల ఇల్లు ఖాళీ చేయమనడం మాత్రం మరిచిపోయారు. ఆమె గుర్తు చేయలేదు.

జీతం లేకపోయినా నెలకోసారి తలుపుల ఇరుసులకు గ్రీజు పెట్టేది. ఎందుకని అడిగితే, చేతికి అలవాటైపోయిందనేది.

ముందుగదిలో ఆమె ఆడపడుచు కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఇద్దరికీ తెల్లారితే మాటల యుద్ధమే.

"ఇది కాలువ కాదు వదినా, దోమలకి పురుళ్ళు పోసే ఆసుపత్రి" అనేది ఆడపడుచు.

"దోమలే నయమే. కుట్టి పోతాయి. నువ్వు కుట్టి కుట్టి ఇక్కడే ఉంటావు" అనేది వదిన.

ఒకరోజు కొలతల టేపుతో ఒక ఆఫీసరు వచ్చాడు. కాలువను పూడ్చి దుకాణాల సముదాయం కడతారట. గట్టు మీద ఉంటున్నవాళ్ళకు తలా ఒక కొట్టు ఇస్తారట. ఆడపడుచు ఆ సాయంత్రానికే తన కొట్టు తలుపులకు ఏ రంగు వేయించాలో నిర్ణయించేసుకుంది. లాకు వదిన మాత్రం ఆఫీసరు ఇచ్చిపోయిన కాగితాలను వాకిట్లో కూర్చుని, వాక్యం కింద వేలు పెట్టుకుని చదివింది. మూడో పేజీ అడుగున వేలు ఆగింది. పదిహేనేళ్ళపాటు ఒక్క పడవైనా లాకు దాటకపోతే ఆ కాలువను జలమార్గాల జాబితా నుంచి కొట్టేయవచ్చని అక్కడ ఉంది. ఆఖరి పడవ దాటి పద్నాలుగేళ్ళ పది నెలలైంది. ఆ పడవకు తలుపు తీసింది ఆమే. తేదీ ఆమెకు నోటికి వచ్చు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళింది.

"ఇంకా రెండు నెలలుంది కదండీ?"

"ఉంటే ఏం చేస్తారమ్మా? పడవ నడుపుతారా?"

"నడుపుతాను."

గదిలో అందరూ నవ్వారు. ఆమె వాళ్ళ నవ్వు అయిపోయేదాకా ఆగి, పడవ దాటే రోజున ఎవరైనా వచ్చి చూసి రాసుకోవాలని అర్జీ ఇచ్చి, దానిమీద ముద్ర వేయించుకుని మరీ వచ్చింది.

ఎనభైకి దగ్గరపడిన పడవల మేస్త్రి ఒక్కడే ఆమె మాట విని నవ్వలేదు. సగం వినపడకపోవడం వల్ల కావచ్చు. చిన్న సుత్తితో తలుపులన్నీ కొట్టి చూశాడు. పైనున్న పలకలు గుల్లగా మోగాయి. నీళ్ళలో ఉన్నవి గట్టిగా పలికాయి.

"ఎప్పుడూ తడిలో ఉన్న చెక్క చావదమ్మాయ్" అన్నాడు. "తడిసి ఎండేదే పుచ్చిపోతుంది. ఆరు పలకలు మారిస్తే చాలు."

శిథిలమైన ఒక పడవను విప్పి ఆ పలకలు తీశారు. సందుల్లో తారులో ముంచిన నార కూరారు. చెక్కతో పని తేలింది గానీ గుర్రపుడెక్కతో తేలలేదు. కాలువంతా ఆకుపచ్చ పరుపు. లాకు వదిన నడుము లోతు నీళ్ళలో దిగి కొడవలితో కోసి గట్టు మీదికి లాగేది. సాయంత్రానికి నాలుగు గజాలు బాగుచేస్తే తెల్లారేసరికి రెండు గజాలు మళ్ళీ మూసుకుపోయేవి. వంతెన మీద జనం నిలబడి వినోదం చూసేవారు. ఆమె తలెత్తలేదు. నాలుగు రోజులు ఒక్కతే కోసింది. ఐదో రోజున పాత పడవవాళ్ళు నలుగురు, తప్పు చేసినవాళ్ళలా తలలు దించుకుని నీళ్ళలోకి దిగారు.

ఇంట్లో ఆడపడుచు మాట్లాడటం మానేసింది. వండి, వదిన వాటా మీద మూత పెట్టి పక్కన ఉంచేది. తినమని పిలిచేది కాదు. ఆ మౌనం లాకు వదినకు ఒళ్ళంతా నానిపోవడం కంటే కష్టంగా ఉండేది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని తనే ఏదో ఒక మాట కదిపి చూసేది. మిషను చప్పుడు తప్ప జవాబుండేది కాదు. అయినా తెల్లారితే కొడవలి తీసుకునేది. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మొండిది అంతకంటే ఒక మెట్టు పైనే.

గడువుకు ఆరు రోజుల ముందు మేస్త్రి పాత పడవ దిగువ నుంచి లాకులోకి వచ్చింది. ఆఫీసరు పుస్తకం పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. కింది తలుపులు మూసి, పైనుంచి నీళ్ళు వదిలారు. పావుగంటలో నిండాల్సింది గంటన్నరైనా జానెడు వెలితి. కింది తలుపు ఎక్కడో కారుతోంది. పడవవాళ్ళు పై తలుపును బలంతో తోయబోయారు. ఆమె ఆపింది. రెండువైపులా నీళ్ళు సమం కానిదే పదిమంది తోసినా ఆ తలుపు కదలదు. ఇంట్లోకి వెళ్ళి తన దుప్పటి తెచ్చి, లాకులోకి దిగి, కాలితో తడిమి సందు పట్టుకుంది. దుప్పటి దగ్గర పెట్టగానే నీళ్ళే దాన్ని లోపలికి గుంజుకుని బిగించేశాయి. వెలితి మెల్లగా తగ్గింది. పడవ గట్టుతో సమానంగా తేలింది.

అప్పుడు ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. పడవలో సరుకు లేదు, ప్రయాణికులు లేరు, ఖాళీ పడవ దాటితే రాకపోకల కిందికి రాదన్నాడు. అని ఊరుకున్నా పోయేది. పక్కవాడివైపు తిరిగి, "ఈ పిచ్చిదాన్ని నమ్మి నా పొద్దంతా పోయింది" అన్నాడు.

ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట వినగానే లోపలికి వెళ్ళింది. బల్లనుంచి మిషను ఊడదీసి, చంకనెత్తుకుని, నూనె మరకలు బట్టలకంటుతున్నా చూసుకోకుండా గట్టు మీదికి వచ్చింది.

"మా వదిన పిచ్చిదే. ఆ మాట నేనంటాను. మీరెవరండీ అనడానికి?" అంది. అని పడవలోకి అడుగు పెట్టి, మిషను దించి, దాని పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఇది సరుకు. నేను ప్రయాణికురాలిని. రాసుకోండి."

లాకు వదిన ఒడ్డు మీద తడిబట్టలతో వణుకుతోంది. దగ్గరికి వంగి మెల్లగా అంది.

"కొట్టు పోతుందే నీకు."

"తెలుసులే. ముందు తలుపు తియ్యి."

నలభై రోజుల తరవాత ఆడపడుచు తనతో అన్న మొదటి మాట అది. లాకు వదిన తలుపుకున్న పొడవాటి దూలానికి వీపు ఆనించి తోసింది. తలుపు మూలిగి, ఆగి, తెరుచుకుంది. పడవ ఎగువ నీళ్ళలోకి వెళ్ళింది. ఆఫీసరు చుట్టూ చూశాడు. వంతెన నిండా జనం, అందరి చూపూ అతని కలం మీదే. రాశాడు.

కాలువ జాబితాలో నిలిచింది. పూడ్చే పని ఆగింది. మూడేళ్ళకు ఆ ఆఫీసరు శాఖవాళ్ళే యంత్రాలతో పూడిక తీసి, కొత్త తలుపులు బిగించి, పాత జలమార్గాన్ని తామే కాపాడినట్టు బోర్డు పెట్టుకున్నారు. ఇటుకల పడవలు, ఇసుక పడవలు మళ్ళీ మొదలయ్యాయి. జీతం లేకుండానే వాటికి లాకు వదిన తలుపులు తీస్తోంది. ఆడపడుచుకు కొట్టు రాలేదు. ఆ సంగతి వారానికి రెండుసార్లు ఎత్తి చూపుతుంది. వదిన వింటుంది, ఆ తిట్లు ఆమెకు కావాలి.

ఈ మధ్య శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. లాకుకు శిక్షణ పొందిన మనిషిని వేశారట, ఉద్యోగి కాని ఆమె నెల రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలట. లాకు వదిన దాన్ని రెండుసార్లు చదివి, వెనక వైపు తన చేతిరాతతో ఒక్క వాక్యం రాసి తిప్పి పంపింది. "పడవలొస్తున్నాయి, నాకు తీరిక లేదు." తరవాత లేచి, దిగువ నుంచి కేక వినపడితే, తలుపు తీయడానికి వెళ్ళింది.